అలిగితే ఎగిరే దున్న

చోడవరం,
9-8-1972.

రచయిత్రి శ్రీమతి అలివేలుమంగ గారికి వరహాలక్ష్మి నమస్కరించి వ్రాయునది.

మొదటి వాక్యం ఇలాగే ఉండాలని మా తెలుగు మాస్టారు సత్యారావు గారు చెప్పారు. రెండో వాక్యం నుంచి నా సొంతం.

నేను ఇక్కడ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాను. మీ ‘ఉప్పు గుర్రం’, ‘పగటి చుక్క’ ఎన్నిసార్లు చదివానో చెబితే మా అమ్మ మీ మీద ఫిర్యాదు రాస్తుంది. ఇప్పుడు ‘తూనీగ’లో నెలనెలా వస్తున్న ‘పేరు లేని ఏరు’ కోసం లైబ్రరీ తలుపు తీసేసరికే గుమ్మంలో ఉంటున్నాను. మా ఊరికి తూనీగ ఒక్క కాపీయే వస్తుంది. ఆలస్యమైతే లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. ఆయన కూడా మీ కథే చదువుతారు కానీ, చదవనట్టు నటిస్తారు.

కుండలయ్య ఏటి పేరుని కుండలో పెట్టి మూత వేశాడనీ, పేరు పోయిన ఏరు ఎటు పారాలో మరిచిపోయి పొలాల మధ్య నిలబడిపోయిందనీ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇక ఆ పేరు వెతుక్కుంటూ బయల్దేరిన పిల్ల చెంగవి, దాని దున్నపోతు కర్రోడు! అలిగినప్పుడు మాత్రమే ఎగిరే దున్నపోతు మీకెలా తోచింది? ఎక్కడికైనా వెళ్ళాలంటే చెంగవి ముందు దాన్ని బాగా ఏడిపించాలి కదా. మొన్న మా తమ్ముడు అలిగి గోడెక్కి కూర్చుంటే, ఇంకొంచెం ఏడిపిస్తే ఎగురుతాడేమోనని చూశాను. ఎగరలేదు. నాకే దెబ్బలు పడ్డాయి.

కుండలయ్య దగ్గరికి వెళ్ళే దారిలో ఒక్కో ద్వారం దగ్గర చెంగవి తనకి ఇష్టమైన పేరు ఒకటి ఇచ్చేయాలి. మొదటి ద్వారానికి బొమ్మ పేరు ఇస్తే నేను పట్టించుకోలేదు. రెండో ద్వారానికి అమ్మమ్మ పేరు ఇచ్చేసి, ఆ తరవాత అమ్మమ్మ ఎదురొస్తే ‘ఎవరండీ మీరు’ అంది చూశారా, ఆ రోజు నేను అన్నం తినలేదు.

రెండు ప్రశ్నలు. ‘చెంగవి’ అనే మాట మీకెక్కడ దొరికింది? నిఘంటువులో చూస్తే ఎర్రని రంగు అని ఉంది. అప్పటినుంచి సాయంత్రాలు ఆకాశం కేసి చూసి ‘చెంగవి, చెంగవి’ అనుకుంటున్నాను. రెండోది, మీ ఏరు మా బొడ్డేరే కదూ? పక్కన సంత, చిన్న కొండ మీద గుడి, ఎండాకాలం మోకాలి లోతు నీళ్ళు. అది వడ్డాది. మా ఊరికి దగ్గరే. నేను పట్టేశాను!

ఇట్లు
వరహాలక్ష్మి (ఇంట్లో వరాలు)


బరంపురం,
2-9-1972.

చిరంజీవి వరాలుకి ఆశీస్సులు.

నేను శ్రీమతిని కాదు. ఈ వయసులో కుమారి అంటే మా ఆఫీసులో నవ్వుతారు. ఏదీ తగిలించకు. నేను పుస్తకాలమ్ముకుని బతికే మనిషిని కూడా కాదు, టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. రోజంతా చెవుల మీద యంత్రం పెట్టుకుని, ఎవరినో ఎవరితోనో కలుపుతూ ఉంటాను. ‘హలో, ఎవరండీ మాట్లాడేది’ అనే మాట రోజుకి ఎన్నిసార్లు వింటానో. పేర్లు పోగొట్టుకునే కథ రాయడానికి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు.

నీకు నా రచనా జీవితం సంగ్రహంగా చెబుతాను, పరీక్షలో వస్తే రాసుకో. ‘ఉప్పు గుర్రం’ రాసి పిల్లల పత్రికకి పంపితే ‘ఇది పెద్దలకి’ అని తిప్పి పంపారు. పెద్దల పత్రికకి పంపితే ‘ఇది పిల్లలకి’ అన్నారు. వాళ్ళిద్దరి మధ్యా పదమూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఎవరూ బతకడం లేదన్నమాట! ఆ వయసువాళ్ళు అప్పుడే అమ్మ మాట వినడం మానేసి, ఇంకా ఎవరి మాట వినాలో తెలియక తిరుగుతుంటారు. నేను వాళ్ళకే రాస్తాను. తూనీగ సంపాదకుడు గారు ఒక్కరే ‘సరే, అర వయసు కథలు కూడా వేద్దాం’ అన్నారు. ఆ పేరు ఆయన పెట్టిందే.

చెంగవి మా అమ్మ కట్టుకునే చీర రంగు. దున్నపోతు సంగతి రహస్యం. ఏరు ఏ ఊళ్ళోనైనా ఉంటుంది, సంత ఏ ఏటి పక్కనైనా ఉంటుంది. వడ్డాది గురించి నన్ను ఇంకేమీ అడగకు. మిగతా ఏమడిగినా రాస్తాను.

అలివేలుమంగ


చోడవరం,
3-12-1972.

మంగ గారికి నమస్కారాలు.

మీరు వడ్డాది గురించి అడగొద్దన్నారు కాబట్టి అడగడం లేదు. (అడగడం లేదని చెప్పడం అడగడం కాదు కదా?)

ఇక్కడ జై ఆంధ్ర అని స్కూళ్ళు మూసేశారు. బస్సులు ఒక రోజు తిరిగితే రెండు రోజులు తిరగవు. సత్యారావు మాస్టారు నన్ను రోజూ ఒక వ్యాసం రాయమన్నారు. నేను దానికి బదులు ఇంకో పని పెట్టుకున్నాను. రావికమతం రోడ్డు మీద మా తాతయ్య లక్ష్మీనరసింహం గారికి చెరుకు తోట ఉంది. గానుగ మొదలైంది. చెరుకు రసం పెనంలో పోసి బెల్లం అయ్యేదాకా కాయాలంటే పూట పడుతుంది. అంతసేపూ అక్కడివాళ్ళకి ఏదో ఒక కథ కావాలి. ఇదివరకు రామాయణం చెప్పే ముసలాయన ఉండేవాడు. ఈ ఏడు మోకాళ్ళ నొప్పులని రాలేదు. నేను పాత తూనీగలన్నీ లైబ్రరీ నుంచి తెచ్చుకుని మీ కథ మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను.

వినేవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు. పెనం దగ్గర పాకం చూసే పరదేశి. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే అచ్చియ్యమ్మ. మొదటి రోజు అచ్చియ్యమ్మ ఏమందంటే:

‘దున్నపోతు ఎగరడమేటే గుంటా? మా ఇంటికాడ ఉన్నాది, లెగమంటే లెగదు.’

‘అది అలిగితే ఎగురుతుంది, అచ్చియ్యమ్మా.’

‘అలిగితే మా ఆయనెగరాల. ఏడీ, అరుగు దిగడు.’

ఇప్పుడు నేను తోటలో అడుగు పెట్టగానే ఆవిడ అడిగే మొదటి మాట ‘కర్రోడు అలిగేడా లేదా, అది సెప్పు ముందు.’ పరదేశి ఏమీ అడగడు. చెంగవి ద్వారం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తెడ్డు పక్కన పెట్టి వింటాడు. మా తాతయ్య ‘పాకం ముదిరిపోతుందిరా’ అని అరుస్తారు, తను కూడా వింటూనే.

డిసెంబరు అధ్యాయం నిన్న చదివాను. ఆఖరి ద్వారం. కుండలయ్య ఖాళీ కుండ ముందు పెట్టి, ‘ఇందులో నీ సొంత పేరు పెట్టు’ అన్నాడు. అక్కడ ఆపేశారు మీరు! నేను పుస్తకం మూసేసరికి అచ్చియ్యమ్మ నన్ను పిప్పితో కొట్టింది. పేరు ఇచ్చేస్తే చెంగవి ఏమవుతుంది? తనెవరో తనకే తెలియదు కదా? జనవరి దాకా ఎలా ఉండమంటారు?

మీ
వరాలు


బరంపురం,
12-12-1972.

వరాలూ,

నీ అచ్చియ్యమ్మ మొగుడు అరుగు దిగని సంగతి చదివి నేను ఎక్స్చేంజిలో పైకి నవ్వాను. అవతల ఒక మార్వాడీ పెద్దమనిషి తన మీద నవ్వానని కంప్లయింటు ఇచ్చాడు.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఎవరికీ చెప్పకు. నిజానికి చెప్పినా ఫరవాలేదు, నాలుగు నెలల్లో అందరికీ తెలుస్తుంది. ఆఖరి ద్వారం దగ్గర ఏమవుతుందో నాకు కూడా తెలియదు. చెంగవి పేరు ఇచ్చేస్తే మనిషి మిగలదు. ఇవ్వకపోతే ఏరు మిగలదు. ఎటు రాసినా కాగితం చింపేస్తున్నాను. పాపం, ఆ పిల్ల ఎండాకాలం నుంచి ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇంతలో సంపాదకుడు గారి ఉత్తరం. ఈ అర వయసు కథలు ఎవరు చదువుతున్నారో తెలియడం లేదట. ఏప్రిల్‌తో ముగించి, చెంగవికి ఒక యువరాజుని చూసి పెళ్ళి చేసెయ్యమన్నారు. ఆ తరవాత కాపురాల కథలు రాసి పంపితే వేసుకుంటారట. నేనూ ‘సరే’ అని రాసేశాను. జనవరి సంచికలో ఒకడు తెల్లగుర్రమెక్కి వస్తాడు. ముందే చెబుతున్నాను, తిట్టకు. దారి దొరకనప్పుడు గుర్రం మీద ఎవరో ఒకరు రావడం పుస్తకాల్లో మామూలే.

కాబట్టి నేను రాసే ఇలాంటి కథల్లో ఇదే ఆఖరిది. నాకు బాధగా లేదు. కొంచెం ఉంది.

అలివేలుమంగ


చోడవరం,
18-2-1973.

మంగ గారికి,

మీ డిసెంబరు ఉత్తరం, జనవరి తూనీగ, ఫిబ్రవరి తూనీగ మూడూ మొన్న ఒకే రోజు వచ్చాయి. రైళ్ళు ఆగిపోయి సంచులు ఎక్కడో పడి ఉన్నాయట. ఈలోగా ఇక్కడ ఒక ఘోరం జరిగిపోయింది. చేసింది నేను. మీరు కూర్చుని చదవండి.

జనవరి అంతా తూనీగ రాలేదు. తోటలో రోజూ ఒకటే గోల. ‘వచ్చిందా? పుస్తకం వచ్చిందా?’ చివరికి అచ్చియ్యమ్మ, ‘నీకు వచ్చినాది, దాసీసినావు, నువ్వొక్కదానివీ సదువుకుని కూకున్నావు’ అని నింద వేసింది. నాకు రోషం వచ్చింది. మర్నాడు డిసెంబరు సంచికే తీసుకెళ్ళి, తెరిచి పట్టుకుని, జనవరి అధ్యాయం చదివాను.

అంటే, కల్పించాను. మధ్య మధ్య పేజీలు కూడా తిప్పాను. అచ్చియ్యమ్మ తొంగి చూసి, ‘ఈ బొమ్మ పోయిన నెల సూపించినావు కదే’ అంది. ‘బాగుందని మళ్ళీ వేశారు’ అన్నాను.

కుండలయ్య ‘నీ పేరు పెట్టు’ అన్నదాకా ధైర్యంగా వచ్చాను. ఆ తరవాత ఏముందో నాకూ తెలియదు. ఎదురుగా పరదేశి పెనం మీద తెట్టు తీస్తున్నాడు. అతని పేరు వైపు చూశాను. పేరుని చూడడం ఏమిటి అంటారేమో, నిజంగా చూశాను. అతనికి ముందు పుట్టినవాళ్ళెవరూ వాళ్ళమ్మకి దక్కలేదు. అందుకని ఇతను పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటావిడ గుప్పెడు నూకలిచ్చి కొనుక్కుంది. కొనుక్కుని, ‘ఈ పరాయి గుంటణ్ణి నువ్వు పెంచు’ అని వాళ్ళమ్మకే ఇచ్చింది. దేవుడు వెతుక్కుంటూ వస్తే, వీడు ఈ ఇంటివాడు కాడు, ఎవడో పరదేశి అనుకుని వెళ్ళిపోవాలని. ఇది మా ఊళ్ళో అందరికీ తెలిసిందే.

నేనేం చదివానంటే: ‘చెంగవి కుండలోకి వంగి, చెంగవి అని చెప్పింది. కుండలయ్య గబుక్కున మూత వేశాడు. చెంగవి నవ్వింది. అది నన్ను పిలిచే పేరు, అంతే. నన్ను చేటలో పెట్టి అమ్మిన రోజున, నిన్నూ నీలాంటివాళ్ళనీ మోసం చెయ్యడానికి పెట్టిన పేరు. నా అసలు పేరు మా అమ్మ నా చెవిలో ఒక్కసారే చెప్పింది. అది నా దగ్గరే ఉంది, అంది.’

పరదేశి తెడ్డు తిప్పడం మరిచిపోయాడు. పాకం ముదిరి ఆ వాయి బెల్లం నల్లగా దిగింది. తాతయ్య కూడా తిట్టడం మరిచిపోయారు. తరవాత గుర్తొచ్చి తిట్టారు.

ఇప్పుడు అసలు జనవరి సంచిక వచ్చింది. నిన్న నిజాయితీగా అది చదివాను. యువరాజు వచ్చి, చెంగవిని గుర్రమెక్కించుకుని, కర్రోణ్ణి అక్కడే వదిలేసి పోయాడు. అక్కడితో అందరూ నా మీద పడ్డారు.

‘ఆగాగు. ఆడెవుడు మధ్యన?’

‘యువరాజు.’

‘ద్వారం దాటీసినాది కదా, మళ్ళీ ద్వారం కాడెందుకున్నాది?’

‘కర్రోణ్ణి వొగ్గేసి గుర్రమెక్కిపోతాదా? సెంగవి అలాటి గుంట కాదు. ఇది తప్పు పుస్తకం. అచ్చేసినోడు నిద్దరోయేడు’ అంది అచ్చియ్యమ్మ.

‘మీ నాన్న గానీ సంబంధాలు సూస్తన్నాడేటే? ఆ గోల తెచ్చి ఇందులోకెట్టీసినావు.’

చూశారా? నేను అబద్ధం చెబితే నమ్మారు. మీరు రాసింది చదివితే నేను కల్పించానంటున్నారు. మీ కథలో వేలు పెట్టాను. మీరు ఏ శిక్ష వేసినా సరే, కానీ ఇది మీ ఆఖరి కథ అని మాత్రం అనకండి.

వరాలు


బరంపురం,
1-3-1973.

వరహాలక్ష్మికి,

ఉత్తరం అందింది. చేట సంగతి, నూకల సంగతి నీకు ఎవరు చెప్పారు? వడ్డాది వెళ్ళి ఎవరిని అడిగావు? నా గురించి ఆరా తీయవద్దని ముందే రాశాను. ఇకమీదట ఉత్తరాలు అక్కర్లేదు.

అలివేలుమంగ


చోడవరం,
6-3-1973.

అలివేలుమంగ గారికి,

ఉత్తరాలు అక్కర్లేదన్నారు. ఈ ఒక్కటీ చదివి చింపేయండి.

మీరు కార్డు మీద రాశారు కాబట్టి మా ఇంటిల్లిపాదీ చదివారు. మా నాన్న ‘అంత పెద్దావిడకి కోపం తెప్పించే పని ఏం చేశావే’ అని అడిగారు. నాకే తెలియకపోతే ఆయనకి ఏం చెప్పను? నేను వడ్డాది వెళ్ళలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. మీరు అడగొద్దన్న రోజునుంచి వడ్డాది సంతకి వెళ్ళే బండి కేసి కూడా చూడలేదు. చేట పరదేశిది, నూకలు పరదేశివి. కావాలంటే మా తాతయ్య చేత రాయించి పంపుతాను.

నేను కథ పాడు చేశానని తిడతారనుకున్నాను. మీరు కథ గురించి ఒక్క మాటా అనలేదు, చేట గురించే అడిగారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోను కూడా, అది ఆరా తీయడం అవుతుంది.

నిన్న తోటలో అందరి ముందూ నిలబడి, ‘ఆ అధ్యాయం పుస్తకంలో లేదు, నేను కల్పించాను’ అని చెప్పేశాను. అచ్చియ్యమ్మ పొయ్యి వదిలేసి మరీ నవ్వింది. ‘నువ్వా? నీకంత తెలివే? పోయినేడాది లెక్కల్లో తప్పీసినావు. ఆయమ్మే రాసుంటాది. బడాయి పోకు’ అంది. పరదేశి మాత్రం నవ్వలేదు. ‘ఎవులు రాస్తే ఏటి, రాసినోలకి మా సంగతి తెలిసే రాసేరు’ అన్నాడు.

అది మీకు చెప్పాలనిపించింది. అంతే.

వరహాలక్ష్మి


బరంపురం,
14-3-1973.

నా బంగారు వరాలూ,

ముందుగా, కార్డు మీద తిట్టినందుకు తప్పు నాది. తిట్లు కవర్లో పెట్టి పంపాలి.

నా పేరు పెంటమ్మ.

పుట్టింది వడ్డాదిలో. నాకు ముందు పుట్టినవాళ్ళెవరూ మా అమ్మకి దక్కలేదు. తరవాతిది నువ్వే చెప్పగలవు. చేట, పెంటకుప్ప, గుప్పెడు నూకలు. కొనుక్కున్నావిడ పేరు నరసమ్మ. వాళ్ళింట్లోనే ఒక దున్నపోతు ఉండేది. నా చిన్నప్పుడు మేత ఆలస్యమైతే అలిగి తల తిప్పేసుకునేది. రహస్యం అన్నాను చూశావా, అదే.

చదువుకని అనకాపల్లి హైస్కూల్లో వేశారు. హాజరు పిలిచినప్పుడు క్లాసంతా నవ్వేది. ముక్కు మూసుకునేవాళ్ళు. ఒకరోజు హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి పేరు మార్చమన్నాను. ‘ఏం పెట్టమంటావు’ అంది. గోడ మీద క్యాలెండర్లో వెంకటేశ్వరస్వామి, పక్కన అలివేలుమంగ. అదే చెప్పాను. ఆ పేరుతోనే ఉద్యోగం, ఆ పేరుతోనే పుస్తకాలు. అమ్మ పోయాక వడ్డాది వెళ్ళడం మానేశాను. వెళితే సంతలో ఎవరో ఒకరు ‘ఒసే పెంటా’ అని పిలుస్తారని భయం.

నీ ఉత్తరం చదివి, నా పేరు ఎవరో నీకు చెప్పేశారనుకున్నాను. కోపంతో చేతికందిన కార్డు మీద రాసి పడేశాను. నువ్వు ఆరో తారీకున రాసిన ఉత్తరం ఇవాళ అందాక, కటక్ అడిగినవాళ్ళకి విజయనగరం కలిపాను. రెండు ఊళ్ళవాళ్ళూ చాలాసేపు మాట్లాడుకున్నారు కూడా. చుట్టాలైపోయారేమో.

వరాలూ, ఆ పేరు నాకు సిగ్గు అనుకున్నాను. నీ పెనం దగ్గరివాళ్ళు దాన్ని విని పాకం మరిచిపోయారు. ఏళ్ళ తరబడి పేర్లు పోయినవాళ్ళ కథలు రాసి, ఆఖరి ద్వారం దగ్గర తాళంచెవి దొరక్క నిలబడ్డాను. అది నా కొంగున కట్టి ఉందని నువ్వు పాత సంచిక తిప్పుతూ చెప్పావు. అమ్మ పెంట అని పిలిచింది నన్ను దక్కించుకోవడానికే కదా. పద్దెనిమిదేళ్ళ లోపు ఆ మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వయసు అదే. అందుకే కాబోలు అర వయసు కథలు.

ఇప్పుడు పని. మార్చి సంచిక అచ్చయిపోయింది. అందులో యువరాజు పాట కూడా పాడతాడు, ఓర్చుకో. ఏప్రిల్ నా చేతిలో ఉంది. యువరాజు చెంగవిని ఏమడుగుతాడో తెలుసా? ‘శుభలేఖ మీద వెయ్యాలి, నీ పేరు రాసియ్యి’ అంటాడు. వాడు కుండలయ్య మనిషే! చెంగవి రాసిస్తుంది, చెంగవి అని. తరవాతిది నీ అధ్యాయం. ఇక వెనక వదిలేసిన కర్రోడు ఎంత అలిగి ఉంటాడు? పుట్టినప్పటినుంచీ అలగనంత. ఏకంగా కోట మీంచి ఎగిరొస్తాడు.

నీ ద్వారం నేను వాడుకోవచ్చా? దొంగిలించడం లేదు, అడుగుతున్నాను. పరదేశిని కూడా అడిగి, వెంటనే రాయి. ఇరవై ఐదో తారీకుకల్లా కథ మద్రాసులో తూనీగ ఆఫీసుకి చేరాలి.

నన్ను గారు అనకు.

పెంటమ్మ
(ఇలా సంతకం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. చెయ్యి తిరగలేదు, వంకరగా వచ్చింది.)


చోడవరం,
18-3-1973.

అత్తా,

వాడుకోండి, వాడుకోండి, వాడుకోండి! ఈ ఉత్తరం రాయడం అయిపోగానే పోస్టాఫీసుకి పరిగెడతాను, అందుకని చిన్నది.

పరదేశిని అడిగాను. మీ పేరు చెప్పలేదు. అది మీది. ‘రాసే ఆవిడ నీ చేట సంగతి కథలో పెట్టుకుంటానంటున్నారు’ అన్నాను. పరదేశి కొంచెంసేపు తెట్టు తీసి, ‘ఎట్టుకోమను. నాకేటి అరిగిపోతాది’ అన్నాడు. ఇంకొంచెంసేపు తెట్టు తీసి, ‘నూకలు గుప్పెడు కాదు, దోసెడు. అది మాత్రం సరిగ్గా రాయమను. మా నాయినమ్మ ఇప్పటికీ గొప్పగా సెప్పుకుంటాది’ అన్నాడు.

మార్చి యువరాజు పాట చదివాను. అచ్చియ్యమ్మ చెవుల్లో పిప్పి పెట్టుకుంది.

వరాలు


బరంపురం,
20-9-1973.

వరాలమ్మకి,

నీ పదో తరగతి ఫలితం చూసి స్వీట్లు పంచాను. లెక్కల్లో ఎన్నో అడగను.

ఏప్రిల్ సంచిక అచ్చయ్యాక సంపాదకుడు గారు ‘పెళ్ళేదీ?’ అని ఒకే ఒక్క మాట రాశారని చెప్పాను కదా. నిన్న ఆయన ఒక మూట పంపారు. విప్పితే ఉత్తరాలు. నీ వయసువాళ్ళవి. బొబ్బిలి నుంచి ఒక పిచ్చయ్య, తుని నుంచి ఒక అమ్ముడమ్మ, పాలకొండ నుంచి ఒక అప్పికొండ. క్లాసులో నవ్వుతారండీ, కానీ ఇప్పుడు మా అమ్మని అడిగితే ఎందుకు పెట్టారో చెప్పింది, అని. ఎవరూ చదవడం లేదన్న ఆ అర వయసువాళ్ళు! మూట మీద సంపాదకుడు గారి చీటీ: ‘వీళ్ళకి జవాబులు మీరే రాసుకోండి. నాకు తీరిక లేదు. తీరిక దొరికితే ఇంకో కథ పంపండి.’ ఆయనకి ఇంతకంటే తియ్యగా మాట్లాడడం రాదు.

విజయవాడలో ఒక ప్రచురణకర్త ‘పేరు లేని ఏరు’ పుస్తకంగా వేస్తున్నాడు. అట్ట ప్రూఫు వచ్చింది. నేను అందులో ఒకే ఒక్క దిద్దుబాటు చేశాను. ప్రచురణకర్త టెలిగ్రాం ఇచ్చాడు, ‘పొరపాటా?’ అని. ‘కాదు’ అని తిరుగు టెలిగ్రాం ఇచ్చాను. పుస్తకం రాగానే నీకు పంపుతాను, చూసుకో.

అత్త


చోడవరం,
27-1-1974.

పెంటమ్మత్తకి వరాలు నమస్కరించి, గంతులు వేస్తూ వ్రాయునది.

పార్సెలు మొన్న వచ్చింది. విప్పకుండా తోటకి పట్టుకెళ్ళాను. అందరూ పెనం చుట్టూ చేరాక తాడు కోశాను. అట్ట మీద కర్రోడు ఎగురుతున్నాడు. మూతి ముడుచుకునే ఎగురుతున్నాడు, బొమ్మ వేసినాయనకి చేతులెత్తి దండం. కింద ఎర్రటి అక్షరాలు. చెంగవి రంగు. నేను పైకి చదివాను: ‘వడ్డాది పెంటమ్మ.’

పరదేశి తెడ్డు ఆపేశాడు. ‘ఏ పేరూ?’

‘పెంటమ్మ.’

అతను పుస్తకం చేతిలోకి తీసుకోలేదు, చేతులకి పాకం ఉంది. మెడ వంచి ఆ అక్షరాల కేసి చూశాడు. చదవడం రాదు. ‘అదేటి, అక్కడున్నాదా, ఆ ఎర్రగా ఉన్నదే పేరా?’ అన్నాడు. అవునన్నాను. ‘అంత పెద్దగా ఏసేరు’ అని తనలో తను అనుకుని, మళ్ళీ తెడ్డు తిప్పడం మొదలుపెట్టాడు. ఈసారి పాకం ముదరలేదు.

ఆఖరి అధ్యాయం చదివాను, పేరు తిరిగొచ్చి ఏరు మళ్ళీ పారేదాకా. దోసెడు నూకలు అన్న చోట పరదేశి అందరి కేసీ చూశాడు. అయ్యాక అచ్చియ్యమ్మ పుస్తకం మీద చెయ్యి వేసి తీర్పు చెప్పింది:

‘ఇప్పుడు సరిగ్గా అచ్చేసేరు. నేను సెప్పలేదేటి, ముందరిది తప్పు పుస్తకమని?’

నేనేమీ అనలేదు. అంటే మళ్ళీ బడాయి అంటుంది.

అత్తా, అసలు సంగతి ఇంకా చెప్పలేదు. అచ్చియ్యమ్మ కన్నవారిది వడ్డాదేనట! ఇన్నాళ్ళూ నేను అడగలేదు, మీరు అడగొద్దన్నారని. ఇవాళ సంతకి వెళ్ళి, వాళ్ళకీ వీళ్ళకీ కథంతా చెప్పి వచ్చింది. నరసమ్మ గారు ఉన్నారు. కళ్ళు సరిగ్గా కనిపించవు, చెవులు మాత్రం బ్రహ్మాండం. అట్ట మీద పేరు సంగతి విని ఇలా అన్నారట. అచ్చియ్యమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

‘నూకలిచ్చి కొనుక్కున్నది నేను. ఆ గుంట నాది. పెంచమని ఇచ్చేను, అంతేగానీ వొగ్గీమన్నానా? అచ్చుల్లో పేరెక్కినాదని ఊరంతా సెబుతన్నారు, నాకు ఒక్క ముక్కైనా రాసిందేటి? దాన్ని రమ్మను. వచ్చేదాకా నేనెవులితోటీ మాటాడను.’

అని గోడ కేసి తిరిగి పడుకున్నారట. అలిగారు.

అనకాపల్లిలో రైలు దిగండి. చోడవరం బస్సెక్కండి. నేను స్టాండులో ఉంటాను, అక్కడినుంచి వడ్డాది ఎంతసేపు? త్వరగా రండత్తా. ఆవిడ అలక చూసి అచ్చియ్యమ్మకి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఆ అలకకి ఆవిడ ఎక్కడ ఎగిరిపోతుందో అని మేమందరం ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాం.

మీ
వరాలు